ఉప్పు లేని పదమూడు రోజులు

ఖాట్మండు చూపిస్తానని మా ఆయన నన్ను బస్సెక్కించిన రోజు ఆయన సంచిలో రెండు చొక్కాలు, ఒక రగ్గు, ఒక ఖుకురీ, అంటే మా కొండల వంపుకత్తి, ఉన్నాయి. ఖుకురీ సంగతి నాకు ఆ సాయంత్రందాకా తెలీదు.

అది మాఘమాసం. రామెచ్చాప్ కొండల్లో మా ఊరు. పెళ్ళయిన పదకొండేళ్ళలో రాజధాని చూపించమని నేను అడగని దసరా లేదు. "చూద్దాంలే ముసలిదానా" అనేవాడు పదమ్. మా వైపు మొగుళ్ళు పెళ్ళయిన మర్నాటి నుంచే పెళ్ళాన్ని అలా పిలుస్తారు. అలాంటివాడు ఆ వేళ తెల్లారేసరికి పొయ్యి దగ్గరికొచ్చి, "బట్టలు సర్దుకో, ఖాట్మండు వెళ్తున్నాం" అన్నాడు.

నేను నమ్మలేదు. మా తోటికోడలు సరు మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు.

"పిల్లల్ని నేను చూసుకుంటాలే అక్కా, నువ్వెళ్ళు" అంది. "బావగారు చూపించేవన్నీ కళ్ళారా చూసి రా."

ఏడు నెలల్లో ఆమె నాతో అన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు.

ఏడు నెలల కింద, నాట్ల రోజుల్లో, ఆమె మొగుడు హర్క పొలంలో చచ్చిపోయాడు. హర్క నాకు సొంత మరిది. ఆ పూట కాలువ నీళ్ళ వంతు మాది కాదు. అయినా హర్క మడవ మా మడిలోకి తిప్పాడు. వంతు గలవాడు టేక్ బహదూర్ పార భుజాన వేసుకుని వచ్చాడు. మాటకి మాట పెరిగింది. హర్క వాడి తల్లిని ఎత్తి ఒక మాటన్నాడు. టేక్ పార ఎత్తి అడ్డంగా కొట్టాడు. ఒక్కటే దెబ్బ. చెవి కింద పడి దవడ దాకా తెగింది. హర్క బురదలో కూలబడి, వేలాడుతున్న దవడని అరచేత్తో పైకి పట్టుకుని, నాట్లు వేస్తున్న ఆడవాళ్ళం మావైపు చూశాడు. ఏదో చెప్పాలని ప్రయత్నం చేశాడు. బుడగలు వచ్చాయి, మాట రాలేదు. సరు చేతిలో నారుకట్ట అలాగే ఉండిపోయింది.

టేక్ ఎవరో పరాయివాడైతే ఈ కథ ఇంకోలా ఉండేది. టేక్ మా ఆయనకి మీత్, ప్రమాణం చేసుకున్న నేస్తం. ఎనిమిదేళ్ళ వయసులో పురోహితుడి ఎదుట టోపీలు మార్చుకుని, బొట్లు పెట్టుకుని మీత్ కట్టుకున్నారు. అలా కట్టుకుంటే ఒకడి తల్లి ఇంకొకడికీ తల్లే. టేక్ తల్లిని మా ఇంట్లో అందరం మీతమ్మ అనేవాళ్ళం.

ఆ పగలే టేక్ తల్లిని వీపున ఎక్కించుకుని కొండ దిగి పారిపోయాడు. పోలీసులు వచ్చి కాగితం రాసుకున్నారు, టీ తాగారు, వెతుకుతున్నామన్నారు.

* * *

పశుపతి గుడికి దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాం. కింద భోజనాల గది. యజమానురాలు లావుపాటి మనిషి, నోరు జాస్తి. అన్నం, పప్పు, ఆవాకు కూర తెచ్చి పెట్టబోతే పదమ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు ఉప్పు వెయ్యకుండా వండుతారా అమ్మా? ఉత్త అన్నం, కాస్త నెయ్యి చాలు."

"బీపీనా?" అందామె. "ముప్పై అయిదేళ్ళు కూడా ఉన్నట్టు లేవు."

"బీపీ కాదు."

"పెళ్ళాన్ని ఊరు చూపించడానికి తెచ్చినవాళ్ళు మాంసం అడుగుతారు, పచ్చడి అడుగుతారు. ఉప్పొద్దనేవాణ్ణి నిన్నే చూశా. ఏమమ్మా, ఇంట్లోనూ ఇంతేనా, చప్పగానే ఉంటాడా?"

భోజనాల గదంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఉప్పు మానేది ఎప్పుడో నాకు తెలుసు.

గదిలోకెళ్ళి తలుపు వేసి అడిగాను. "ఎవరు పోయారు?"

"మీతమ్మ."

"ఎక్కడ?"

"ఇక్కడే. మొన్న. నిన్న ఫోనొచ్చింది." మంచం మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. "ఒక్కడే కొడుకు. పశుపతి ఏటి ఒడ్డున కర్మకి కూర్చున్నాడు."

టేక్ పేరెత్తకుండా, వాడు అనే మాట కూడా వాడకుండా చెప్పాడు. నేను సంచి లాగి రగ్గు విదిలించాను. ఖుకురీ నేలమీద పడి, గుండ్రంగా తిరిగి, ఆగింది. మా ఇంటి ఖుకురీ కాదు. హర్కది. ఒరకి సరు కట్టిన ఎర్ర దారం ఉంది.

"సరుకి తెలుసా?"

"తనే ఇచ్చింది."

"మరి ఇక్కడ కూర్చుని ఉప్పు మానడమేమిటి? వాడి తల్లికి మైల పాటిస్తూ వాణ్ణి చంపుతారా?"

"ఆవిడ నాకూ తల్లే" అన్నాడు పదమ్. "వాడు కర్మ మధ్యలో చస్తే ఆవిడ ప్రేతమై తిరుగుతుంది. పదమూడో రోజున దాటిపోతుంది. ఆ రోజు కర్మ ముగిశాక వాడు మీత్ కాడు, కర్త కాడు. ఏటి ఒడ్డునే నరుకుతా."

"ఇవాళ మూడో రోజు."

"ఊఁ."

"అప్పటిదాకా ఏం చేస్తారు?"

ఆయన తలెత్తి నావైపు చూశాడు. కళ్ళు నవ్వుతున్నట్టే ఉన్నాయి.

"అప్పటిదాకా నీకు ఊరు చూపిస్తా. ముందు ఏం చూస్తావ్?"

* * *

నాలుగో రోజు స్వయంభూ కొండ ఎక్కించాడు. కోతి నా చేతిలో నారింజపండు లాక్కుపోతే కడుపు పట్టుకుని నవ్వాడు. ఫొటోగ్రాఫరు "వదినా, అన్నయ్యకి కాస్త దగ్గరగా జరుగు, కొరకడులే" అన్నాడు. ఆ ఫొటోలో ఇద్దరం చాలా బాగుంటాం. చూసినవాళ్ళు సుఖంగా ఉన్నారనుకుంటారు. నిజం చెప్పాలంటే ఆ గంటసేపు ఉన్నాం కూడా.

అక్కణ్ణుంచి నేరుగా పశుపతి తీసుకెళ్ళాడు. వంతెన దగ్గర ఆగి, "నువ్వు జనంలో కలిసి నిలబడు. నా పక్కన వద్దు" అన్నాడు.

ఏటి ఒడ్డున పొట్టి గోడ వెనక, బూడిద రంగు రేకుల కింద, కర్తలు వరసగా కూర్చుని ఉన్నారు. గుండ్లు, ఒంటిమీద ఒక్క తెల్లగుడ్డ, కింద గడ్డి. ఎవరి పొయ్యి వాళ్ళది. రోజుకి ఒక్క పూట, తమ చేత్తో తాము వండుకున్న ముద్ద. మూడో పొయ్యి దగ్గర ఉన్నది టేక్. గుండు చేసినా ఆ భుజాల్ని బట్టి గుర్తుపట్టాను. ఎద్దు మూపులా ఉండేవి. పక్కనే గోడకానుకుని తోలు కోటు వేసుకున్న ఒకడు, వాడితో ఇంకో ఇద్దరు.

"గజేంద్ర" అన్నాడు పదమ్, నావైపు చూడకుండానే. "వాడి పిన్ని కొడుకు. ఇక్కడే షట్టర్లు చేసే వర్క్‌షాపు ఉంది. ఏడు నెలలూ దాచింది వీడే."

మొదటి పొయ్యి దగ్గర ఒక ముసలాయన ముద్ద ఎత్తాడు. ఎక్కణ్ణుంచో ఆయన మనవరాలు "తాతా" అని కేకేసింది. ముసలాయన నిట్టూర్చి విస్తరి మడిచి పక్కకి నెట్టేశాడు. కోతులు ఎగబడ్డాయి.

"పాపం, ఈ రోజుకి అంతే" అంది నా పక్కనున్న ఆవిడ. "తినేటప్పుడు పిలుపు చెవిన పడితే ఇక ముట్టకూడదుగా. రేపటిదాకా మంచినీళ్ళే."

నాకూ తెలిసిందే. మా మామగారు పోయినప్పుడు పదమ్ తినే వేళకి ఇల్లంతా నోరు కట్టుకుని కూర్చునేవాళ్ళం, దూడని కూడా దూరంగా కట్టేసి.

* * *

అయిదో రోజు జూలో పులిని చూసి, ధరహరా బురుజు చూడ్డానికి వచ్చాం. ఆ బురుజు భూకంపానికి కూలకముందు మాట ఇది. "పైకెక్కితే మన కొండలు కనిపిస్తాయట" అన్నాడు. ఎక్కేముందు నేను గాజులు వేయించుకుంటానంటే, సందు మొదట్లో కొట్టు చూపించి తను ఎదురుగా నిలబడ్డాడు.

గాజులవాడు నా చెయ్యి పిసికి ఎర్ర గాజులు ఎక్కిస్తున్నాడు. అద్దంలోంచి చూశాను. గజేంద్ర, ఇద్దరు మనుషులు.

"ఏరా కొండోడా" అన్నాడు గజేంద్ర. "నిన్న వంతెన మీద చూశా నిన్ను. కోతుల్ని చూశావు, చితుల్ని చూశావు. ఇంకేం మిగిలింది?"

"నీ వెనక దాక్కున్నదొకటి."

"ఇంటికిపో."

"పదమూడో రోజు అయ్యాక పోతా."

మొదటి దెబ్బ ఇనపరాడ్డుతో పక్కటెముకల మీద. చప్పుడు కొట్టులోకి వినిపించింది. ఎండుకట్టె మోకాలికానించి విరిచినప్పుడు వచ్చే చప్పుడు అది. పదమ్ వంగి, వంగినవాడు అలాగే తలతో గజేంద్ర మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి రోడ్డు మీద పడింది. అప్పుడు ముగ్గురూ కలిసి మీదపడ్డారు. కింద పడేశారు. ఒకడు కుడిచేతి మణికట్టు మీద నిలబడ్డాడు. గజేంద్ర నోట్లోంచి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ, ఆ అరచేతి మీద రాడ్డు మొనతో దంచాడు. రోట్లో దంచినట్టు, తీరిగ్గా.

నేను పరిగెత్తబోయాను. గాజులవాడు నా మణికట్టు వదల్లేదు. "ఆగమ్మా, నిన్నూ కొడతారు" అంటూ షట్టరు సగం దించేశాడు. పెనుగులాటలో గాజులు పగిలి నా చేతికి కోసుకున్నాయి.

"విను" అంటున్నాడు గజేంద్ర, వంగి. "మీ తమ్ముణ్ణి కొట్టిన చెయ్యి ఇంకా మా అన్న భుజానికే ఉంది. పదమూడో రోజు దాటాక ఆ చెయ్యి ఖాళీగా ఉండదు. పార నేనే ఇస్తా."

జనం చుట్టూ నిలబడి చూశారు. వాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం తలా ఒక చెయ్యి వేసి లేపారు.

ఎముకల డాక్టరు మూడు వేళ్ళు, రెండు పక్కటెముకలు విరిగాయన్నాడు. ఆరు వారాలు కదలొద్దన్నాడు.

"ఎనిమిది రోజులు చాలు" అన్నాడు పదమ్.

లాడ్జి మంచం మీద పడుకోబెట్టి కాళ్ళ మీద పడ్డాను. పిల్లల పేర్లు చెప్పాను. ఇంటికి పోదామన్నాను.

"ఎడమ చెయ్యి ఉందిగా" అన్నాడు.

అరగంట పోయాక లేచి కూర్చుని, ఎడమచేత్తో ఖుకురీ తీసి మంచంకోడు మీద కొట్టి చూసుకున్నాడు. కత్తి జారి నేలకి తగిలింది. ఆ కుదుపుకి ఆయన ముఖం తెల్లబడి, చెమట పట్టి, నోటెంట నెత్తుటి జీర వచ్చింది. అయినా రెండోసారి ఎత్తాడు.

హర్క నిండు ఆరోగ్యంతో ఉన్నవాడు. వాడినే టేక్ ఒక్క దెబ్బకి పడగొట్టాడు. ఈయన ఒంటిచేత్తో, విరిగిన ఎముకలతో వెళ్తే ఏమవుతుందో చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు.

ఆరో రోజు పోలీసు చౌకీకి వెళ్ళాను. హత్య చేసినవాడు ఫలానా చోట కూర్చున్నాడని చెప్పాను. బల్ల వెనక ఆయన చలికి చేతులు రుద్దుకుంటూ విన్నాడు.

"మీ జిల్లా నుంచి కాగితం తెప్పించమ్మా, పట్టుకుంటాం."

"ఎన్ని రోజులు పడుతుంది?"

"వాళ్ళు పంపితే రెండు వారాలు."

"వారంలో నా మొగుడు చచ్చిపోతాడు."

"చస్తే ఇక్కడి కేసు అవుతుంది. అప్పుడు కాగితం అక్కర్లేదు" అన్నాడు. వెటకారం కాదు. ఉన్నమాటే చెప్పాడు.

* * *

ఏడో రోజు మధ్యాహ్నం, మీ ఎముకలు అతుక్కోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకొస్తానని చెప్పి బయల్దేరాను. నుదుటి నిండా సిందూరం, చేతిలో పూలు. గుడికి వచ్చే వెయ్యిమంది ఆడవాళ్ళలో ఒకదాన్ని. గజేంద్రకి నా ముఖం తెలీదు.

పొట్టి గోడ దగ్గర నిలబడ్డాను. టేక్ అన్నం వార్చుకున్నాడు. విస్తట్లో వేసుకున్నాడు. నీళ్ళు చుట్టూ తిప్పి, కళ్ళు మూసుకుని, ముద్ద చేసి ఎత్తాడు.

"టేక్ అన్నయ్యా" అని పిలిచాను.

పెద్దగా కాదు. పొరుగింటి మనిషిని నిప్పు అడగడానికి పిలిచినట్టు పిలిచాను.

చెయ్యి ఆగింది. తలెత్తి నన్ను చూశాడు. తర్వాత నా వెనక చూశాడు, ఆయన ఉన్నాడేమోనని. లేడు. మళ్ళీ నా ముఖంలోకి చూసి, ముద్ద విస్తట్లో పెట్టేశాడు. మడిచి పక్కకి నెట్టాడు.

"ఎవర్రా పిలిచింది?" అన్నాడు గజేంద్ర, వక్కలు నములుతున్నవాడు ఆపి.

"ఎవరో. వేరే టేక్‌ని" అన్నాడు టేక్.

నేను లాడ్జికి వచ్చి రెండు పళ్ళేల అన్నం తిన్నాను. నాకు అంత ఆకలి ఎన్నడూ వెయ్యలేదు. "అమ్మయ్య, నువ్వైనా ఉప్పు తింటావు" అంది యజమానురాలు.

ఎనిమిదో రోజు పిలిచాను. తొమ్మిదో రోజు పిలిచాను. గజేంద్ర వక్కలు కొనుక్కోవడానికి వెళ్ళేదాకా ఆగేదాన్ని, లేదా ఆరతి గంటలు మోగి జనం తోసుకునే వేళ చూసుకునేదాన్ని. మాఘం చలి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వాళ్ళు ఏట్లో మునగాలి. తడిగుడ్డతోనే పైకి రావాలి. తొమ్మిదో రోజుకి టేక్ మెట్లెక్కుతూ చెయ్యి గోడకి ఆనించాడు. పదో రోజుకి ఆ ఎద్దు మూపు కింద ఎముక బయటికొచ్చింది. మొదటి పొయ్యి ముసలాయన గజేంద్రతో, "మీ అన్న రోజూ విస్తరి వదిలేస్తున్నాడు బాబూ, కాస్త కాపలా కాయండి" అనడం విన్నాను. గజేంద్ర టేక్‌ని గట్టిగా అడిగాడు.

"ఆకలి లేదు" అన్నాడు టేక్.

నా పేరు చెప్పలేదు. చెప్తే గజేంద్ర నన్ను అక్కడే ఏట్లో ముంచేవాడు. ఎందుకు చెప్పడం లేదో ఆలోచించడానికి నేను ఒప్పుకోలేదు. నాకు లెక్క ఒక్కటే. వాడి చెయ్యి ఎంత సన్నబడితే మా ఆయన అంత బతుకుతాడు.

"ఎలా ఉన్నాడు?" అని అడిగాడు పదమ్ ఆ సాయంత్రం, పడుకునే.

"ఎవరు?"

"గుడికి వెళ్తున్నావుగా. కనిపించే ఉంటాడు."

"ఎప్పట్లాగే ఉన్నాడు" అన్నాను. "దున్నపోతులా."

"మంచిది" అన్నాడు. ఎందుకు మంచిదో చెప్పలేదు.

పదకొండో రోజు పిలిచినప్పుడు నా గొంతు నాకే వినిపించలేదు. టేక్‌కి వినిపించింది.

* * *

పన్నెండో రోజు పొగమంచు మధ్యాహ్నందాకా విడవలేదు. నేను గోడ దగ్గరికి వెళ్ళేసరికి టేక్ గంజి వారుస్తున్నాడు. గిన్నె ఎత్తలేక రెండు మోచేతుల మధ్య ఇరికించి వంచాడు. సగం గడ్డిలో పోయింది. బుగ్గలు పీక్కుపోయి, పళ్ళు ముందుకొచ్చి, మీతమ్మ ముఖంలా అయిపోయింది వాడి ముఖం. నాట్లకెళ్ళేటప్పుడు నా చిన్నదాన్ని ఆవిడ దగ్గరే వదిలి వెళ్ళేదాన్ని.

మా ఆయన ఇక ఓడిపోడు. పిల్లాడు తోసినా టేక్ పడిపోతాడు. ఈ పూట తిననిస్తే వచ్చే నష్టం లేదు. నేను శాలువా కొంగు నోట్లో కుక్కుకున్నాను.

టేక్ ముద్ద ఎత్తాడు. ఎత్తి గోడవైపు చూశాడు. నన్ను చూసి ఆగాడు.

నేను పిలవలేదు.

వాడి వేళ్ళ సందుల్లోంచి మెతుకులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. నేను తల అడ్డంగా ఊపాను, తినమని. వాడు చూశాడు. చూసే ముద్ద కింద పెట్టాడు. విస్తరి మడిచి కోతులవైపు నెట్టి, స్నానానికి లేచాడు.

నాలుగు మెట్లు దిగాడు. అయిదో మెట్టు మీద మోకాళ్ళు మడతపడ్డాయి. చేతులు ముందుకి రాలేదు. నుదురు రాతి అంచుకి కొట్టుకుంది, తోలుతిత్తి తెగినట్టు నెత్తురు ఒక్కసారిగా కిందికి దిగింది, మనిషి జారి ముఖం నీళ్ళలో పడేలా ఆగిపోయాడు.

జనం అరుపుల్లో నా పక్కనుంచి ఎవరో దూసుకుపోయారు. కట్టు కట్టిన కుడిచెయ్యి చూసి గుర్తుపట్టాను. పదమ్. రేపటి కోసం చోటు చూసుకోవడానికి వచ్చాడట.

మెట్ల మీద ఆయన్ని చూసి గజేంద్ర ఏమనుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు. తోసేశాడనుకున్నాడు. రాడ్డు ఎత్తి, "నా అన్నని చంపావురా" అంటూ పైనుంచి దూకాడు. మొదటి దెబ్బ పదమ్ భుజం మీద పడింది. రెండోది పడేలోపు ఎడమచేత్తో ఖుకురీ తీశాడు. ఎలా తిప్పాడో చూళ్ళేదు. గజేంద్ర ముంజేయి మీద మాంసం తెరుచుకుని తెల్లటి ఎముక కనబడింది. రాడ్డు మెట్ల మీద గంటలా మోగుతూ దొర్లింది. గజేంద్ర కూలబడ్డాడు. పదమ్ కత్తి మళ్ళీ ఎత్తాడు. ఆ దెబ్బ గజేంద్ర మెడ మీద పడబోతోంది.

అప్పుడే ఇద్దరు కర్తలు టేక్‌ని నీళ్ళలోంచి పైకి లాగి వెల్లకిలా పడుకోబెట్టారు. తెల్లగుడ్డ తొలగిపోయింది. పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. పొట్ట వీపుకి అంటుకుపోయింది. ఊపిరి లేదు.

పదమ్ కత్తి దించాడు.

"ఇలా అయ్యాడేం?" అన్నాడు. ఎవరినడిగాడో తెలీదు. "ఇలా అయ్యాడేం వీడు?"

మొదటి పొయ్యి ముసలాయన దూరంగా నిలబడి, ఎవరికీ తగలకుండా, చెప్పాడు. "తిండి లేక బాబూ. ముద్ద ఎత్తేసరికి ఎవరో ఆడమనిషి పేరు పెట్టి పిలిచేది. రోజూ. నేను విన్నా. అన్నయ్యా అని పిలిచేది."

పదమ్ మెల్లిగా తల తిప్పాడు. ఏటి మీద, వంతెన మీద, మెట్ల మీద అంతమంది ఆడవాళ్ళుంటే, తిన్నగా నావైపే చూశాడు.

* * *

పోలీసులు వచ్చారు. రాడ్డు ముందు ఎత్తింది గజేంద్రేనని ముసలాయన చెప్పాడు. ఏడు నెలలు హంతకుణ్ణి దాచిపెట్టినవాడు కాబట్టి గజేంద్ర కూడా చేతికి కుట్లు వేయించుకుని కేసు వద్దన్నాడు. కాలుజారి పడి మరణం అని రాశారు.

టేక్‌కి గజేంద్ర ఎడమచేత్తో నిప్పు పెట్టాడు. మీతమ్మకి మాత్రం ఒక రోజు కర్మ మిగిలిపోయింది. పురోహితుడు అటూ ఇటూ చూసి, "ఈమెకి ఇంకెవరున్నారు?" అని అడిగాడు.

"నేనున్నా" అన్నాడు పదమ్. "మీత్ కొడుకుని."

గజేంద్ర అడ్డురాలేదు. మంగలి పదమ్‌కి గుండు చేశాడు. విరిగిన పక్కటెముకలతో ఏట్లో మునిగి, ఒంటిచేత్తో పిండాలు చేసి, పదమూడో రోజు మధ్యాహ్నానికి ఆయన ఆవిణ్ణి దాటించాడు.

లాడ్జిలో బట్టలు సర్దుతుంటే ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఎన్ని రోజులు?"

"అయిదు" అన్నాను. "ఆరోది నేను పిలవలేదు."

సంచి భుజాన వేసుకుని ముందు నడిచాడు.

ఊళ్ళో సరు మా కోసం వాకిట్లో కాచుకుని ఉంది. పదమ్ తెల్లబట్టలు, గుండు చూసి ముందు ఆమెకి అర్థం కాలేదు. ఖుకురీ లాక్కుని ఒర దూసి చూసింది. కడిగేసి ఉంది.

"వాడు చచ్చాడా?"

"చచ్చాడు. కాలుజారి."

"మీ చేతిలో కాదా?"

"కాదు. నాకు చేతకాలేదు."

"వాడి అమ్మకి గుండు కొట్టించుకొచ్చావా?" ఇన్నేళ్ళూ బావగారూ అన్న మనిషి, వీధంతా వినేలా అంది. "నా మొగుడి దవడ వేలాడుతుంటే కళ్ళారా చూసినదాన్ని నేను. ఆడంగివెధవా." ఆయన ముఖం మీద ఉమ్మేసింది.

నేను నోరు తెరిచాను. పదమ్ నావైపు చూసి, ఒక్కసారి తల అడ్డంగా ఊపాడు. ఉమ్మి తుడుచుకోకుండా లోపలికెళ్ళాడు.

మర్నాడు సరు కొడుకుని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు పదమ్‌ని చూసి గాజులు గలగలలాడించినట్టు చేతులూపేవాళ్ళు. ఆయన ఏడాదంతా తెల్లబట్టల్లో, వాళ్ళ ముందునుంచే పొలానికెళ్ళి వచ్చేవాడు. నాతో మాట్లాడేవాడు. పాలు పితికావా, పిల్లకి జ్వరం తగ్గిందా, అన్నీ. ముసలిదానా అని మాత్రం పిలవలేదు.

మళ్ళీ మాఘం వచ్చింది. ఏడూడి అయిపోయి తెల్లబట్టలు విప్పేసిన రోజున, పెరట్లో ఎండకి కూర్చుని, తనే మొదలుపెట్టాడు.

"గోమా, ఆ పదమూడో రోజున నేను వాణ్ణి నరికేవాణ్ణా, ఆ ముఖం చూసి వదిలేసేవాణ్ణా అని రోజూ అడుగుతుంటా నన్ను నేను. నువ్విక తెలియకుండా చేశావు."

"నరకలేకపోయేవాళ్ళు" అన్నాను. "వాడే మిమ్మల్ని చంపేవాడు. అందుకే చేశాను."

పదమ్ ఆ తెల్లబట్టలు మడత పెట్టాడు.

"అదీ తెలియదుగా" అన్నాడు.